ఇంటికొక్క ఓటు

హైటెక్ సిటీ భవనం అంతస్తు మీద అంతస్తు లేస్తున్న రోజులవి. మదీనాగూడలో ఏ ఇంట చూసినా కంప్యూటర్ కోర్సుల మాటే. భూలక్ష్మి మాత్రం ఆదివారాలు దూరవిద్య తరగతులకు వెళ్లి ఆధునిక బ్రిటన్ రాజకీయ చరిత్ర చదువుకునేది. ఇంటర్‌తో ఆగిపోయిన చదువును పెళ్లయి, కూతురు ఎదిగాక మళ్లీ అందుకుని, చరిత్ర ఎమ్మే దాకా లాక్కొచ్చిన మనిషి. ఇంగ్లీషువాళ్ల గొడవ మనకెందుకని ఇరుగుపొరుగు నవ్వితే తనూ నవ్వి ఊరుకునేది.

పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే. మొదట్లో పేజీ నడవడమే గగనమయ్యేది. ఆడవాళ్ల ఓటు హక్కు పాఠం దగ్గరికొచ్చేసరికి మాత్రం పుస్తకం కింద పెట్టలేకపోయింది. జైళ్లకు వెళ్లి, తిండి మానేసి పోరాడిన ఆ ఆడవాళ్ల సంగతి అత్త సుబ్బమ్మకు కథలా చెప్పింది.

"అంత కొట్లాడితే గానీ ఇయ్యలేదామ్మే?" అంది సుబ్బమ్మ.

ఆ నెలలోనే కాలనీ సంఘానికి ఎన్నికలొచ్చాయి. ఇంటికొక్క ఓటు, అదీ యజమానికే అన్నది నియమం. ఇల్లు ఎవరి పేరునున్నా సంఘం లెక్కలో యజమానులంతా మగవాళ్లే. సర్వసభ్య సమావేశంలో వెనక వరుసలో కూర్చున్న భూలక్ష్మి లేచి, ఆడా మగా పెద్దవాళ్లందరికీ ఓటుండాలంది.

అధ్యక్షుడు రామచంద్రం గారిది కాకినాడ. నెమ్మదైన మనిషి. "మంచి మాటేనండి. కానీ ఒక్కసారిగా అంటే కష్టం. ముందు ఇల్లు తమ పేరునున్న ఆడవాళ్లకిద్దాం. మిగతాది తర్వాత చూద్దామండి" అన్నారు.

"బ్రిటన్‌లోనూ ఇట్లే చేసినారు సార్. పంతొమ్మిది వందల పద్దెనిమిదిలో ముప్పై ఏండ్లు నిండి, ఆస్తి లెక్కకు వచ్చే ఆడోళ్లకే ఇచ్చినారు. మగోళ్లతో సమానంగా ఇచ్చేదానికి ఇంకో పదేండ్లు పట్టింది. మమ్మల్ని గూడా పదేండ్లు కాచుకోమంటారా?"

అక్కడ మొదట చట్టం మార్చిన సభలో ఉన్నదీ మగవాళ్లేనని, ఇక్కడా చెయ్యెత్తాల్సింది వాళ్లేనని చెప్పి భూలక్ష్మి కూర్చుంది. ఆమె భర్త ఓబులేసు స్థలాల వ్యాపారి, నలుగురిలో మొహమాటస్తుడు. అందరికంటే ముందు లేచింది ఆయన చెయ్యే. ఆయన వెనక మరికొన్ని లేచాయి. కాసేపు తటపటాయించి రామచంద్రం గారూ ఎత్తారు. తీర్మానం నెగ్గింది.

ఎన్నిక రోజున సుబ్బమ్మ కొత్త చీర కట్టుకుని వరుసలో నిలబడింది. ఎవరికేశావని కొడుకు ఎంత అడిగినా చెప్పలేదు.

"చెప్పేదానికి లేదు నాయనా. ఓటంటే అంతే" అంది.

అత్త ఆ మాట అంటుంటే భూలక్ష్మికి ఒళ్లు పులకరించింది. ఆ ఏడు పరీక్షలో ఆ పేపరుకే అన్నిటికన్నా ఎక్కువ మార్కులొచ్చాయి. మరుసటేడు లింగంపల్లిలో ఒక కాలేజీ చరిత్ర చెప్పమని పిలిచింది. మొదటిరోజు స్కూటరు మీద దింపి వచ్చిన ఓబులేసు, ఆ పూట దారిలో కలిసిన ప్రతివాడికీ "మా లెక్చరర్ గారిని దింపొచ్చినా" అని చెప్పుకున్నాడు.