ఏడాదికి రమ్మన్న పరీక్ష

మూడేళ్లకోసారి పెద్దపేగు పరీక్షకు వెళ్తాను. చెప్పిన తారీఖు ఒక్కరోజు కూడా దాటనివ్వను. డాక్టర్లు నన్ను బుద్ధిమంతుడనుకుంటారు. బుద్ధీ లేదు, పాడూ లేదు, భయం. ఆ బల్ల మీద పక్కకు తిరిగి పడుకోగానే చనిపోయిన మా బాపు వచ్చి తల దగ్గర నిలబడతాడు.

తొంభైల మొదట్లో సిద్దిపేటలో మా ఇంట్లో రెండు మగ్గాలుండేవి. ఒకటి బాపుది, ఒకటి నాది. బాపుకు మలంలో రక్తం పడుతుంటే, మగ్గం గుంటలో కాళ్లు పెట్టి రోజంతా కూర్చుని నేసేవాళ్లకు మొలలు మామూలేనని ఇంటిల్లిపాదీ తీర్మానించేశాం. ఆరు నెలలు మజ్జిగ, కరక్కాయ పొడి. చివరికి హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్తే, డాక్టరు గొట్టం వేసి చూసి పేగు లోపల మొలిచిన చిన్న కండను తీసేశాడు. దాన్ని పాలిప్ అంటారట.

"ఇది క్యాన్సర్ కాదు. కానీ ఇలాంటివి మళ్లీ మొలుస్తాయి, వదిలేస్తే కొన్ని క్యాన్సర్ అవుతాయి. రక్తం పడకపోయినా సరే, ఏడాదికి తీసుకురా. నలభై వచ్చాక నువ్వూ చూపించుకో" అని నాకే చెప్పాడు. బాపుకు చదువు రాదు. చీటీ నా జేబులోనే పెట్టుకున్నాను.

రక్తం ఆగింది. బాపు తిండి, వెక్కిరింపులు అన్నీ తిరిగొచ్చాయి. ఏడాది నిండే వారం ఆయనే గుర్తుచేశాడు.

"పట్నం పోవాలె గద బిడ్డా, ఎప్పుడు పోదాం?"

"ఈ పడుగు దిగనీ బాపు. రక్తం పడ్తలేదు గద, గంత తొందరేంది?" అన్నాను.

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగుల వరుస, పూర్తిగా దిగడమంటూ ఉండదని మా ఇద్దరికీ తెలుసు. బారెడు మిగిలిందనగానే ఆ పాత పోగుల కొనలకు కొత్త పోగులను, బూడిద అద్దిన వేళ్లతో ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతాం. అలా చేస్తే మళ్లీ మొదటినుంచి ఎక్కించే బాధ తప్పుతుంది. అతకడం నా పని. పెళ్లిళ్ల కాలం, చీరలకు గిరాకీ. ఆ పడుగుకు ఇంకోటి, దానికి మరోటి అతికాను. బాపు ఇంకో రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

మూడో ఏడు ఆయన పొట్ట గట్టిపడింది, మనిషి సగమయ్యాడు. మళ్లీ అదే డాక్టరు దగ్గరికే వెళ్లాం. పరీక్షలో క్యాన్సర్ అని తేలింది. డాక్టరు నా వైపు చూసి, "ఏడాదికి రమ్మన్నాను కదా, ఎందుకు రాలేదు?" అని గద్దించాడు.

నేను నోరు తెరిచేలోపే బాపు అందుకున్నాడు.

"పిలగాడు పోదామనే అన్నడు సార్. నాకే భయమైంది. నేనే రాలే."

సిగ్గుపడాల్సింది పోయి ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత బాపు నాలుగు నెలలున్నాడు. నిజం ఒప్పుకోవడానికి అన్ని రోజులు దొరికినా నాకు నోరు రాలేదు.

అమ్మను మేం అవ్వ అనేవాళ్లం. అవ్వ ఇంకో పదేళ్లు బతికింది. "కొడుకు రమ్మన్నా భయపడి పోలే, పానం మీదికి తెచ్చుకున్నడు" అని వచ్చినవాళ్లందరి ముందూ బాపునే తిట్టేది. నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి.