గడియారం టీచర్ కూతురు

పిల్లలు ఆమెకు పెట్టిన పేరు గడియారం టీచర్. మెడలో స్టాప్‌వాచ్ వేలాడేసుకుని తరగతిలోకి వచ్చేది. చదివించే పీరియడ్ ఆమెది. పిల్లలు ఒక్కొక్కరే లేచి పాఠం గట్టిగా చదివి, ఆమె అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఎవరెంత వేగంగా చదివారో చూసి హెడ్మాస్టరు వాళ్ళ పేర్లు వరసగా గోడకు అంటించేవాడు. ఆ పద్ధతి ఆమె పెట్టింది కాదు. కాదనే ధైర్యమూ ఆమెకు లేదు.

నాలుగో తరగతికి వచ్చేసరికి ఆమె సొంత కూతురే ఆ పీరియడ్‌లో కూర్చోవలసి వచ్చింది.

అంతకు ముందు ఆ పిల్లను పుస్తకం దగ్గర్నుంచి లేపడమే ఇంట్లో పెద్ద పని. మంచం కింద దూరి, కాళ్ళు మాత్రం బయట పెట్టి చదివేది. అన్నానికి పిలిస్తే ఇప్పుడు కాదన్నట్టు ఆ కాళ్ళే అటూ ఇటూ ఊగేవి. చూపు మందగించిన నాయనమ్మకు సాయంత్రాలు వారపత్రికలో సీరియల్ చదివి వినిపించేది. దొంగకో గొంతు, పోలీసుకో గొంతు. తనకు నచ్చినవాళ్ళు కథలో చచ్చిపోతే బతికించేసేది.

"వాడు పోయాడన్నావు కదే ఇందాక?" అని నాయనమ్మ నిలదీస్తే, "మూర్ఛపోయాడంతే నాయనమ్మా, నువ్వే తొందరపడ్డావు" అనేది. ఇద్దరూ పడీ పడీ నవ్వేవారు.

తరగతిలో తన వంతు వచ్చిన మొదటి రోజు ఆ పిల్ల ముసలి నక్క మాటల్ని వణుకుతున్న ముసలి గొంతుతో చదివింది. పిల్లలంతా గొల్లుమన్నారు. తల్లికీ నవ్వు ఆగలేదు. అంతలో గుమ్మంలోంచి హెడ్మాస్టరు గొంతు వినిపించింది.

"నాటకాలేంటి టీచర్? మీ అమ్మాయని చూసీ చూడనట్టు పోతే మిగతా పిల్లల అమ్మానాన్నలకు నేనేం చెప్పాలి?"

ఆమెకు తల కొట్టేసినట్టయింది. వాచీ నొక్కి, "మళ్ళీ మొదట్నుంచి చదువు. గొంతు మార్చకు. వేగంగా," అంది.

పిల్ల తల్లి మొహంలోకి ఒక్కసారి చూసి, చదవడం మొదలుపెట్టింది. ఈసారి నక్క లేదు, అడవి లేదు. మాటలు మాత్రం గడగడా వచ్చాయి.

కన్నకూతుర్ని వెనకేసుకొస్తోందన్న మాట పడకూడదని ఆ తల్లికి పంతం పుట్టింది. ఇంట్లో కూడా వాచీ తీసింది. ఒక్క తప్పు పోయినా మళ్ళీ మొదట్నుంచి చదివించేది. పిల్ల ఏడవలేదు. అలవాటు పడుతోందిలే అని తల్లి సరిపెట్టుకుంది.

ఒక సాయంత్రం నాయనమ్మ వారపత్రిక చేతికిచ్చింది. పిల్ల నిటారుగా నిలబడి, వరస కింద వేలు పెట్టి, ఊపిరి తిప్పుకోకుండా చదివేసింది. దొంగా పోలీసూ ఒకే గొంతుతో మాట్లాడారు. పత్రిక మడిచి, "ఇంక ప్రశ్నలడుగు," అంది.

"నాకేం ప్రశ్నలుంటాయే తల్లీ?"

"మరి ఎందుకు చదవమన్నావు?"

ముసలావిడ వంటగదిలోంచి పరుగున వచ్చిన కోడలి వైపు తిరిగి, "దాన్ని ఏం చేశావే?" అంది మెల్లగా.

ఆ మర్నాటి నుంచి తల్లి పడని పాట్లు లేవు. వాచీని ఇంటికి తేవడం మానేసింది. బొమ్మల పుస్తకాలు కొనుక్కొచ్చి మంచం కిందికి తోసింది. అవి అక్కడే దుమ్ము కొట్టుకుపోయాయి.

"నీకిష్టమైంది చదువుకోమ్మా. నేనేం అడగను."

"ఎన్ని పేజీలు?"

"ఎన్నైనా."

"ఎన్నైనా అంటే ఎన్నమ్మా?"

చివరికి తనే పక్కన కూర్చుని, సిగ్గు విడిచి ఎలుగుబంటిలా గుర్రుమంటూ కథ చదివింది. పిల్ల కంగారుగా ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. "అలా చదవకూడదమ్మా. తప్పు."

ఆమె స్నానాలగదిలోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున వెక్కి వెక్కి ఏడ్చింది.

మర్నాడు స్టాప్‌వాచ్ తీసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది. "ఈ పీరియడ్ నావల్ల కాదు సార్."

ఆయన తెల్లబోయాడు. "అదేంటమ్మా? గోడ మీద అందరికన్నా పైన ఉన్నది మీ అమ్మాయి పేరే కదా!"

"అందుకే సార్."

ఆయనకు అర్థం కాలేదు. ఆమెను ఒకటో తరగతికి మార్చి, వాచీని డ్రిల్లు మాస్టరు మెడలో వేశాడు. డ్రిల్లు మాస్టరు ఈలతో మొదలుపెట్టించి ఈలతో ఆపించేవాడు. ఒకటో తరగతి పిల్లలకు ఆమె కథలు చెప్పేది, ఒక్క ప్రశ్నా అడిగేది కాదు. గోడకు అవతలి నుంచి కూతురి గొంతు వినిపిస్తే మాత్రం కథ మధ్యలో ఆగిపోయేది.

ఆ పిల్ల ఇప్పుడు హైస్కూల్లో ఉంది. నాయనమ్మకు రేడియో కొనిపెట్టారు. ఎవరైనా, "మీ అమ్మాయి బాగా చదువుతుందా టీచర్?" అని అడిగితే, "చదువుతుందండీ, ఎప్పుడూ ఫస్టే," అంటుంది తల్లి. అందులో అబద్ధం లేదు. పరీక్షలు అయిపోయిన రోజునే పిల్ల పుస్తకాలన్నీ సంచిలో కుక్కి, స్టూలెక్కి అటక మీదికి విసిరేస్తుంది. పడిపోతుందేమోనని తల్లి కింద స్టూలు పట్టుకుని నిలబడుతుంది.