కొబ్బరికాయ కొట్టిన ఓవెన్

పోయిన నెలలో రాజమండ్రిలో మా అమ్మాయి కొత్త ఓవెన్ కొనుక్కుంది. అట్టపెట్టెలోంచి తీసి వంటగట్టు మీద పెట్టిందో లేదో, నేను అలవాటు చొప్పున దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె పట్టుకొచ్చి కొబ్బరికాయ ఎక్కడుందని అడిగాను. అది రెండు చేతులూ అడ్డం పెట్టి, "అమ్మా, నీకు దండం పెడతాను, దీని జోలికి మాత్రం రాకు, నీ చరిత్ర నాకు తెలుసు" అంది. నాకు నవ్వాగలేదు. నా చరిత్ర మా ఇంట్లో అందరికీ తెలిసిందే, మీకే తెలియదు కనక చెబుతున్నాను. మన ఈడు వాళ్ళు వింటే ఇందులో నా తప్పు పెద్దగా లేదని ఒప్పుకుంటారనే నా ఆశ.

తొంభైల నడిమి సంగతి. పాలకొల్లులో ఒక ఆడపిల్లల జూనియర్ కాలేజీలో నేను కాంట్రాక్టు మీద పాఠాలు చెప్పేదాన్ని. పోషకాహారం, నిల్వ పచ్చళ్ళు, బేకరీ పనులు, ఇలా చాలా ఉండేవి గానీ ఊరంతా దాన్ని వంటల కోర్సనే అనేది. మా అత్తగారైతే మొదటి రోజునుంచీ దాన్ని మెచ్చుకున్న పాపాన పోలేదు. కూర వండటం నేర్చుకోవడానికి కాలేజీ ఏంటమ్మా, వీళ్ళ అమ్మలకి చేతులు లేవా అని ఆవిడ ప్రశ్న. ఆవిడ చేతి వంట తింటూ ఆవిడతో వాదించడం ఎవరికైనా కష్టమే.

ఆ ఏడాది రెండో సంవత్సరంలో పన్నెండు మంది పిల్లలున్నారు. కోర్సులో చేరేవాళ్ళు తగ్గిపోతున్నారని, ప్రాక్టికల్ పరీక్షలో ఒక్కరు తప్పినా వచ్చే ఏడు నుంచి కోర్సు ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ గారు ముందే చెప్పేశారు. నా ఉద్యోగం సంగతి అలా ఉంచండి, మొదటి సంవత్సరం పిల్లలు సగం చదువుతో ఇళ్ళల్లో కూర్చోవలసి వస్తుంది, ఆ తరువాత ఏమవుతుందో నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. దానికి తోడు పరీక్షకి వచ్చిన వంటకం వెజిటబుల్ టార్ట్. మైదా, వెన్న కలిపి గిన్నెలా చేసి, అందులో కూరముక్కలూ, గుడ్లూ, క్రీమూ పోసి, పైన చీజ్ తురిమి ఓవెన్‌లో కాల్చాలి. ఇంట్లో చదివి వినిపిస్తే మా అత్తగారు, అయితే మూత పెట్టడం మర్చిపోయిన కజ్జికాయన్న మాట అన్నారు. నేను రెండేళ్ళు చెప్పిన పాఠం కన్నా అది తేలిగ్గా అర్థమయింది.

కాలేజీకి ఓవెన్ లేదు. అంతవరకూ నల్లబల్ల మీద ఓవెన్ బొమ్మ వేసి, ఇదిగో ఇక్కడ వేడి పుడుతుంది అని చూపించే పాఠం నడిపాను. అడగ్గా అడగ్గా, చివరికి పరీక్షకి ముందు రోజు సాయంత్రం రిక్షాలో దిగింది మా ఓవెన్. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి, కాకినాడ నుంచి పరీక్ష చేసే మేడం గారు రావడానికి గంట ముందు, పిల్లలందరూ దాని చుట్టూ చేరి పసుపు రాసి, బొట్టు పెట్టి, మందారపువ్వు గుచ్చారు. మా వైపు కొత్త స్కూటరు కొన్నా, చేపల చెరువు గట్టున ఇంజను బిగించినా కాయ కొట్టకుండా ఎవరూ పని మొదలుపెట్టరు, కనక ఆ మాట అన్నది నేనే. కొట్టడానికి మొగల్తూరు నుంచి బస్సులో వచ్చే పిల్ల ముందుకొచ్చింది. వాళ్ళది సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే కుటుంబం. వాళ్ళ నాన్న పడవ నీళ్ళలోకి దింపేటప్పుడు పడవ ముక్కు మీదే కాయ కొడతాడట. ఆ పిల్ల అంతే భక్తిగా, అంతే బలంగా ఓవెన్ ఇనుప మూల మీద ఒక్క దెబ్బ వేసింది. కాయ సరిగ్గా రెండు చెక్కలయింది. నీళ్ళన్నీ మీటల సందుల్లోంచి లోపలికి పోయాయి. మంచి శకునమని చప్పట్లు కొట్టి స్విచ్చి వేశాం. టప్ మని ఒక చప్పుడు, కాలిన వాసన, ఆ వరసలో ఉన్న గదులన్నిటికీ కరెంటు పోయింది.

పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. మొగల్తూరు పిల్ల ఏడవను కూడా లేదు, చేతిలో కొబ్బరిచెక్కలతో అలా నిలబడిపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు అన్నట్టు, ఇంటినుంచి తెచ్చిన మీగడ ఎండకి పులిసిపోయింది. అది శనివారం కావడంతో సగం మంది పిల్లలు గుడ్డు ముట్టుకోం అన్నారు. సరిగ్గా అప్పుడు, నేను పొద్దున్నే తినకుండా వెళ్ళిపోయానని క్యారేజీ పట్టుకుని మా అత్తగారు వచ్చారు. ఓవెన్‌నీ, దాని మీది మందారపువ్వునీ, మా మొహాల్నీ చూశారు. "రొట్టె కాల్చడానికి కరెంటెందుకే అమ్మాయ్? నిప్పులు లేవా?" అన్నారు.

మినప్పిండితో మందంగా వేసుకునే దిబ్బరొట్టె మీకు చెప్పనక్కర్లేదు కదా. కుంపటి మీద బరువైన మూకుడు, దాని మీద మూత, మూత మీద మళ్ళీ నిప్పులు. కిందా పైనా సమంగా కాలుతుంది. రెండేళ్ళపాటు నేను బల్ల మీద బొమ్మ వేసి చూపించింది అచ్చం అదే. ప్రతి శనివారం మా ఇంట్లో నేను తింటున్నదీ అదే. ఈ రెంటినీ కలిపి చూడాలని ఒక్కనాడూ తోచలేదు. చదువుకున్నదాన్ని కదా మరి.

ఆ తరువాత అరగంట ఎలా గడిచిందో ఇప్పటికీ తలుచుకుంటే ఉత్సాహంగా ఉంటుంది. వెనక వీధిలోనే మా ఇల్లు. పిల్లలు పరుగెత్తి నాలుగిళ్ళు తిరిగి ముగ్గురికి ఒకటి చొప్పున నాలుగు కుంపట్లూ, నాలుగు మూకుళ్ళూ మోసుకొచ్చారు. మాకు ఒకళ్ళింటి సామాను ఒకళ్ళింటికి నడిచి వెళ్ళడం కొత్త కాదు, ఎందుకని ఎవరూ అడగలేదు. కాలేజీ గేటు పక్కన ఇస్త్రీ బండి అతను రాజుకున్న బొగ్గులన్నీ తట్టలో పోసి ఇచ్చేసి, ఆడపిల్లల చదువండీ, బట్టలు రేపైనా ఇస్త్రీ చేసుకోవచ్చు అన్నాడు. పూజలో పగిలిన కాయనే తురిమి పాలు తీసి క్రీముకి బదులు పొయ్యమన్నారు అత్తగారు. గుడ్డు లేకపోతే ఆ పాలలో కాస్త శనగపిండి కలపండి, గట్టిపడి కూర్చుంటుంది అన్నారు. ఎంత కలపాలండీ అని పిల్లలు పుస్తకం తెరిచి అడిగితే, పట్టినంత అని ఆవిడ కొలత.

పదింటికి మేడం గారు వచ్చారు. గంజిపెట్టిన నూలుచీర, కళ్ళజోడు, చేతిలో ఎర్రకలం. ఆవిడ సొంతూరు గుంటూరు వైపని, నవ్వదని ముందే విన్నాం. పరీక్షలో బయటివాళ్ళు ఉండకూడదు కనక అత్తగారిని సామాన్ల గదిలో దాచాను. కిటికీ సందులోంచి ఆవిడ ఒకసారి దగ్గితే నిప్పులు తియ్యాలి, రెండుసార్లు దగ్గితే వెయ్యాలి. మేడం గారు వరండాలో నాలుగు కుంపట్లు చూసి ఎర్రకలం మూత తీశారు. అదే ఎక్కువ భయంగా ఉంది. మొగల్తూరు పిల్ల దగ్గర ఆగి, ఓవెన్ వేడి ఎంతుండాలని అడిగారు. మూత మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్ మనాలండి అని చెప్పింది ఆ పిల్ల. మేడం గారు నీళ్ళు తెప్పించి చిలకరించి చూశారు. చుయ్ మంది.

నాలుగు టార్టులూ దించారు. రంగు బావుంది, అంచులు ఒకచోట మాడాయి. మేడం గారు వరసగా రుచి చూస్తూ మొగల్తూరు పిల్ల జట్టు చేసిన దాని దగ్గర ఆగిపోయారు. మళ్ళీ ఒక ముక్క తీసుకున్నారు. "ఇందులో బెల్లం వేశావా?" అన్నారు. ఆ పిల్ల తల వంచుకుని, "చెయ్యి అలవాటండి. మా ఇంట్లో ఏ కూరలోనైనా చిన్న ముక్క వేస్తామండి" అంది. అక్కడితో ఆగితే బావుండును. అబద్ధం చెప్పడం చేతకాక కాయ కొట్టిన సంగతీ, ఓవెన్ కాలిపోయిన సంగతీ, ఆ కాయ పాలే ఇందులో పోసిన సంగతీ వరసగా చెప్పేసింది. భూమి చీలితే బావుండుననుకున్నాను.

మేడం గారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తుడుస్తున్నకొద్దీ భుజాలు కదులుతున్నాయి. అప్పటికి గానీ ఆవిడ నవ్వుతున్నారని మాకు తెలియలేదు. "ప్రసాదానికి ఏం మార్కులు తగ్గించమంటావమ్మా" అన్నారు. మార్కుల కాగితంలో ఓవెన్ వాడకం అని అచ్చేసి ఉన్న చోట ఎర్రకలంతో కొట్టేసి, పక్కన తెలుగులో కుంపటి అని రాసి, పన్నెండు మందినీ గట్టెక్కించారు. మాడిన అంచులకి మాత్రం తలా రెండు మార్కులు కోసేశారు, ఆ మాటా చెప్పాలి. వెళ్ళేటప్పుడు సామాన్ల గది వైపు తిరిగి, దగ్గుకి మిరియాల కషాయం తాగండి పిన్నిగారూ అని చెప్పి మరీ వెళ్ళారు.

కోర్సు నిలబడింది, మొదటి సంవత్సరం పిల్లలూ చదువు పూర్తి చేశారు. ఆ ఓవెన్‌ని బాగు చేయించలేదు, చాలా ఏళ్ళు సుద్దముక్కలు దాచుకోవడానికి వాడుకున్నాం. మా అత్తగారు ఆ రోజు తరువాత వంటల కోర్సుని ఒక్క మాట అనలేదు. పైగా వీధిలో అందరికీ మా కాలేజీ అని చెప్పుకునేవారు. ఆవిడ వెళ్ళిపోయి పదేళ్ళు దాటింది. ఇప్పుడు కూడా శనివారం పొద్దున్న ఆవిడ మీద బెంగగానే ఉంటుంది.

మా అమ్మాయి ఓవెన్‌లో చేసిన టార్టు, నిజం చెప్పాలంటే, చాలా బావుంది. ఫోనులో చూసి గ్రాములతో తూచి పెట్టింది, గంట కొట్టగానే తీసింది, ఎక్కడా మాడలేదు, ఎవర్నీ పిలవలేదు. పాలకొల్లులో మా ఇంటికొచ్చాక నాకెందుకో ఆ పాత రుచి మీదికి మనసు పోయింది. అటక మీంచి అత్తగారి మూకుడు దింపి తోమి, బొట్టు పెట్టాను. మైదా కలిపాను, కొబ్బరిపాలు తీశాను, బెల్లం ముక్క పక్కన పెట్టుకున్నాను. నిప్పుల కోసం తట్ట పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను. వీధి మొగలో అప్పటి ఇస్త్రీ బండి అతని కొడుకు గ్యాసుతో నడిచే పెట్టెతో బట్టలు ఇస్త్రీ చేస్తున్నాడు. ఆనాడు కుంపట్లిచ్చిన నాలుగిళ్ళకీ తలుపులు వేసున్నాయి. ఏ తలుపు తట్టి నిప్పు అడగాలో తెలియక, ఆ తట్ట పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.