చింతకాయలు కొన్న మేష్టారు

మా మేష్టారు పోయారన్న మాట నాకు పెద్దబజారులో, ఎండుచేపల వరసలో తెలిసింది. తట్ట ముందు కూర్చుని నెత్తళ్లలో ఇసుక చెరుగుతున్నాను. పక్కన ఆనపకాయలు అమ్మే అవ్వ వచ్చి, "ఒలే గుంటా, గోసాని నువాగాంలో మీ మేస్టారు పోనారట. రాత్రి పేణం పోతే పొద్దున్నే ఎత్తీసారట" అంది. చేట అక్కడ పడేసి పరిగెత్తాను. నేను వెళ్లేసరికి వాళ్ల గుమ్మం ముందు నీళ్లు చల్లిన తడి మాత్రం ఉంది. అరుగు మీద ఎవరూ లేరు. ఏం చెయ్యాలో తోచక బజారుకే తిరిగి వచ్చాను.

"అప్పుడే ఒచ్చీసినావేటి?" అంది అమ్మ.

"తీసికెళ్లిపోయారే."

అమ్మ చేట నా చేతిలో పెట్టి, ముఖం అటు తిప్పుకుంది.

ఇది చదివేవారిలో ఆయన శిష్యులు చాలామంది ఉంటారు. హైస్కూల్లో ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని ప్లీడర్లు, గుమాస్తాలు అయినవారు ఆయన గురించి నాకంటే బాగా రాయగలరు. నేను ఆయన బడిలో చదివినదాన్ని కాను. ఆయన పెన్షను తీసుకున్నాక, చివరి మూడేళ్లు, ఆయన ఇంటి అరుగు మీద చదువుకున్నాను. అక్కడి మేష్టారు మీకు తెలియరేమో అని ఇది రాస్తున్నాను.

మాది గోపాలపురం రేవు నుంచి వచ్చిన కుటుంబం. నాన్న కూలికని ఓడెక్కి బర్మాలో రంగం వెళ్లి మళ్లీ రాలేదు. అమ్మ హుమ్మ మళ్లలో పండిన ఉప్పు వేసి ఎండబెట్టిన చేపలు బరంపురంలో అమ్మి నన్ను ఆడపిల్లల బడికి పంపింది. మా ఇంట్లో అక్షరం వచ్చినవాళ్లలో నేనే మొదటిదాన్ని. ఇంగ్లీషు రీడరు మొదటి పాఠం నుంచి చివరి పాఠం దాకా చూడకుండా అప్పజెప్పేదాన్ని. ఒక ఏడాది మా బడికి నోటి పరీక్షకి మేష్టారిని పిలిచారు. ఆయన నా వంతు వచ్చినప్పుడు రీడరు మూసేసి, మీ అమ్మ ఏం పని చేస్తుంది అని ఇంగ్లీషులో అడిగారు. నా నోట ఒక్క ముక్క రాలేదు. రాయమంటే రాసేదాన్ని. కానీ ఆయన నా ముఖంలోకి చూసి అడిగారు. నేను నేలను చూస్తూ నిలబడ్డాను.

వారం తరవాత ఆయన కూరలకని బజారుకి వచ్చారు. చేపల వరస దాటేటప్పుడు ఆయన కండువా చెంగులో మరువం రెబ్బ చుట్టి ముక్కుకి అడ్డం పెట్టుకునేవారు. ఆ ఇంట నీచు ముట్టరు. ఆ రోజు నేను ఒక ఒరియా ఆమెతో బేరంలో ఉన్నాను. ఆమె చేపలు పాతవంటుంది. నేను, పాతవైతే నీ దగ్గరికి తెస్తానా మావుసీ, నీ ముక్కు సంగతి నాకు తెలీదా అంటున్నాను. ఆమె లేచి నాలుగడుగులు వెళ్లిపోయింది. వెనక్కి పిలిచాను. నవ్వుతూ వచ్చి కొనుక్కుంది. తలెత్తి చూస్తే మేష్టారు మరువం రెబ్బ ముక్కు దగ్గర పెట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.

"నీకు ఒరియా ఎవరు నేర్పారే?" అన్నారు.

"ఎవులూ నేర్పనేదు బావూ. అమ్మితే ఒచ్చీసింది."

"అయితే ఇంగ్లీషూ అలాగే అమ్ముదాం. రేపు పొద్దున్న మా అరుగు దగ్గరికి రా. పుస్తకం తేకు, తట్ట తీసుకురా."

మర్నాడు ఖాళీ తట్ట పట్టుకుని వెళ్లాను. ఆయన పెరట్లోంచి ఎండు చింతకాయలు దోసిళ్లతో తెచ్చి అందులో పోశారు. "ఇవి నీ చేపలు. నేను కొనడానికి వచ్చాను. ఇక తెలుగు మాట వినపడకూడదు" అన్నారు. పొడుగువి సావళ్లని, పొట్టివి కవళ్లని నేనే పేర్లు పెట్టాను. ఆయనకి చేపల్లో ఒక్క పేరూ తెలియదు. అరుగు మీద గొంతుక్కూర్చుని చింతకాయ ఎత్తి, వెలుతురులో తిప్పి చూసి, దీని కన్ను ఏదీ అని ఇంగ్లీషులో దబాయించేవారు. వీధిలో పోయే చేనేత బట్టలు అమ్మే కోమటి ఒకాయన రోజూ ఆగి, "మేస్టారూ, ఇయాల సేపలేటి ధర?" అని అరిచేవాడు. మేష్టారు తల తిప్పకుండా ఇంగ్లీషులోనే ధర చెప్పేవారు.

ఆయన పద్ధతికి రెండే కట్టుబాట్లు. ఆయన అడిగి మూడు చిటికెలు వేసేలోగా నేను బదులివ్వాలి. మొదటి చిటికె నెమ్మదిగా, మూడోది గట్టిగా వేసేవారు. రెండో కట్టుబాటు, బేరం కుదరక ఆయన లేచి అరుగు వెంట నడిచిపోతారు. ఆ అరుగుకి నాలుగు స్తంభాలు. ఆఖరి స్తంభం దాటకముందే ఆయన్ని ఇంగ్లీషులో వెనక్కి పిలవాలి. అదీ ఒకే మాటతో రోజూ పిలిస్తే లెక్కలేదు. నిన్నటి మాట కాకుండా కొత్త మాట కావాలి.

మొదటి వారం ఆయన రోజూ ఆఖరి స్తంభం దాటి వీధిలోకి వెళ్లిపోయారు. అలా వెళ్లి నిజంగానే పోస్టాఫీసు దాకా పోయి వచ్చేవారు. నేను తట్ట ముందు ఏడుస్తూ కూర్చునేదాన్ని. "నీ తలలో రీడరు తెరిచి వెతుకుతున్నావే. అందులో నేను లేను. నా ముఖం చూడు, నేను ఎందుకు వెళ్లిపోతున్నానో చూడు, మాట అదే వస్తుంది" అనేవారు. "తప్పుగా అను. తప్పన్న మాటని దిద్దగలను. ఆగిపోయిన మాటని ఏం దిద్దను?" అని కూడా అనేవారు.

రెండు నెలలకి ఆయన ఆఖరి స్తంభం దాటడం మానేశారు. ఏడాదికి నేను ఇంగ్లీషులో ఆయన్ని వెక్కిరించగలిగాను. ఎండలు, మశూచి, గిరిసోల దగ్గర ఆగిపోయిన రైలు, పక్కింటివాళ్ల తగువు, అన్నీ చింతకాయల మీదుగానే మాట్లాడుకునేవాళ్లం. నేను లేచి వెళ్లాక అమ్మగారు, అంటే మేష్టారి భార్య, అరుగంతా నీళ్లు పోసి కడిగేవారు. ఆవిడకి ఆ చింతకాయల మీద కూడా అనుమానమే. "వాటికి ఎంత నీచు అంటుకుందో! ఆ తట్ట వంటింటి వైపు తీసుకురాకండి" అనేవారు. మేష్టారు ఆ తట్టను కిటికీ గూట్లో పెట్టి, నాతో నెమ్మదిగా, "చూశావా, మనకంటే ఆవిడే చేపలని గట్టిగా నమ్మింది" అన్నారు.

ఇదంతా ఎందుకంటే, దక్షిణాన ఒక ఊళ్లో ఆడవాళ్ల ట్రెయినింగు స్కూలు ఉంది. తిండి, బస వాళ్లే చూస్తారు. అందులో నెగ్గితే పంతులమ్మ ఉద్యోగం. పిల్లల్ని ఎంచడానికి ఏడాదికోసారి ఒక దొరసాని బరంపురం వచ్చి ఇంగ్లీషులో మాట్లాడి చూస్తుంది. ఆ సీటు రాకపోతే నాకు ఎండుచేపల వరసే. అమ్మ ఒక రోజు మేష్టారి దగ్గరికి వచ్చి, అరుగుకి దూరంగా నిలబడి, "బావూ, నా సేతులు సూడండి. ఉప్పుకి తినీసినాయి. దీని సేతులకి ఇది ఒద్దు" అంది. మేష్టారు ఆ నెలంతా చిటికెలు ఇంకా వేగంగా వేశారు.

దొరసాని వచ్చిన రోజు నాకు భయం వెయ్యలేదు. అదే నా ఖర్మ. నాకంటే ముందు వెళ్లిన పిల్లలు తల వంచుకుని, బట్టీ పట్టిన నాలుగు వాక్యాలు చెప్పి వచ్చారు. నేను వెళ్లి ఆమె ముఖంలోకి సూటిగా చూశాను. ఎందుకు పంతులమ్మవి అవుదామనుకుంటున్నావు అని ఆమె అడిగింది. మూడు చిటికెలు పట్టలేదు. ఎందుకు కాకూడదు, పొద్దున్నుంచి నాకంటే బాగా మాట్లాడే పిల్ల ఎవరైనా వచ్చిందా అన్నాను. ఆమె కలం కింద పెట్టింది. సీట్లు కొన్నే ఉన్నాయి, చాలామందిని చూడాలి అంది. అందరినీ చూసినా చివరికి నా దగ్గరికే వస్తారు అని నవ్వాను. బజారులో ఏ మావుసీ అయినా ఆ మాటకి నవ్వుతుంది. దొరసాని నవ్వలేదు. చాలు, ఇక వెళ్లవచ్చు అంది.

ఆ మాటతో నేను నొచ్చుకోలేదు. చేపల వరసలో పెరిగినవాళ్లకి చాలు అన్నా, వెళ్లు అన్నా బేరం అప్పుడే మొదలైందని లెక్క. నేను లేచి, వెనక్కి తిరిగి, ఆమె పిలవడానికి తీరిక ఇస్తూ నెమ్మదిగా నడిచాను. చెవులు వెనక్కే ఉన్నాయి. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాను కూడా. లోపలినుంచి ఇంకో పిల్ల పేరు వినిపించింది.

జాబితాలో నా పేరు లేదు. దొరసాని కాగితంలో నా పేరు ఎదురుగా పొగరు అని రాశారని తరవాత తెలిసింది. ఇంగ్లీషు ధారాళంగా మాట్లాడుతుందని కూడా రాశారట.

జరిగింది జరిగినట్టు మేష్టారికి చెప్పాను. తలుపు దగ్గర ఆగిన సంగతి చెప్పినప్పుడు ఆయన కళ్లు మూసుకున్నారు. "నీది తప్పు కాదే. మాట్లాడడం నేర్పాను. కొనేవాళ్లు వెనక్కి తిరిగి వస్తారని కూడా నేనే నేర్పాను. రానివాళ్లు ఉంటారని చెప్పలేదు. నేను రోజూ వచ్చేస్తూ ఉన్నానుగా" అన్నారు.

వచ్చే ఏడాదికని ఆయన పద్ధతి తిరగేశారు. అడిగాక మూడు చిటికెలు అయ్యేదాకా ఆగాలి, తల వంచాలి, అప్పుడు మాట్లాడాలి. నాకు చాతకాలేదు. ఆగితే రీడరు కళ్ల ముందుకి వచ్చేసేది. వచ్చిన మాటలు ఎటో పోయేవి. పది రోజులు చూసి ఆయన చెయ్యి దించేశారు. "వద్దే. ఉన్నది కూడా పోయేలా ఉంది" అన్నారు. ఆ తరవాత నేను వెళ్లినా తట్ట గూట్లోంచి తియ్యలేదు. తెలుగులోనే, అమ్మ ఎలా ఉంది, చేపలు బాగా వస్తున్నాయా అని అడిగేవారు. నా సీటు కోసం పెద్దవాళ్లకి అర్జీలు రాసి, కండువా వేసుకుని స్వయంగా పట్టుకెళ్లేవారు. ఏ అర్జీకీ జవాబు రాలేదు.

ఇంతలో మా గంజాం మద్రాసు నుంచి విడిపోయి ఒరియా రాష్ట్రంలో కలుస్తుందన్నారు. ఆ స్కూలు మద్రాసుది. ఇక్కడి పిల్లల్ని ఇకమీదట తీసుకోరట. ఆ కబురు తెచ్చింది మేష్టారే. చేపల వరసకి వచ్చి చెప్పారు. ఆ రోజు ఆయన దగ్గర మరువం రెబ్బ లేదు.

"మరి ఈ గుంట ఇంగిలీసు ఏటి సేసుకుంతాది బావూ?" అంది అమ్మ.

నేను లోపల చిటికెలు లెక్కపెట్టాను. మూడు దాటాయి.

ఆదివారం నాడు రైల్వే క్వార్టర్సు నుంచి ఇంజను డ్రైవరు భార్య అయిన ఇంకో దొరసాని ఎండు రొయ్యలకి వస్తుంది. ఆమెతో నేను ధారాళంగా మాట్లాడతాను. ఆమె ఎంత నవ్వుతుందో! లేచి వెళ్లినట్టే వెళ్లి వెనక్కి వస్తుంది. ఇంత చక్కగా ఎవరు నేర్పారు అని ఒకసారి అడిగింది. మేష్టారి గురించి చెప్పాను. ఆ సంగతి ఆయనకి చెప్పి సంతోషపెడదామనుకుని, రేపు, ఎల్లుండి అంటూ ఉండిపోయాను. ఆయన చనిపోవడానికి ముందు నెల రోజులు నేను అటు వెళ్లలేదు. ఆయన ముఖం చూడలేకే వెళ్లలేదు. నేను అందుకే రావడం లేదని ఆయనా అనుకుని ఉంటారు.

పదమూడో రోజున వెళ్లాను. అరుగు మీద పైఊరి నుంచి వచ్చిన ఆడబంధువులు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. వాళ్ల మధ్య నా తట్ట. ఆ పూట వంటకి చింతపండు తక్కువైందట. గూట్లో ఎవరికీ అక్కర్లేని పాత కాయలు కనిపిస్తే తీసి వలుస్తున్నారు. ఒకపక్క పెంకులు, ఒకపక్క గింజలు. నేను సావడి అని పేరు పెట్టిన పొడుగు కాయ ఒకటి ఒకామె చేతిలో ఉంది. గడప లోపల, చీకట్లో, అమ్మగారు కూర్చుని ఉన్నారు. ఆవిడ తట్టను చూశారు, నన్ను చూశారు. వంటింటి వైపు తీసుకురావద్దని అనలేదు.

"ఎవరమ్మాయివి? ఏం కావాలి?" అంది వలుస్తున్న ఆమె.

ఏమీ వద్దన్నట్టు తలూపి వెనక్కి తిరిగాను. మొదటి స్తంభం, రెండో స్తంభం, మూడో స్తంభం. నెమ్మదిగానే నడిచాను. ఆఖరి స్తంభం దగ్గర నా వెనక చింతకాయ పెంకు చిటుక్కుమంది. ఇంకొకటి. ఇంకొకటి, గట్టిగా. నేను స్తంభం దాటి వీధిలోకి వెళ్లిపోయాను.