దూలగొండి కింద గడ్డి

2023 నవంబరు 18, శనివారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలు. నంద్యాల బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఎక్కగానే నా హాస్టల్ గదిలో ఉండే స్నేహితురాలు కిటికీ పక్కన కూర్చుంది.

"నీకు దావంతా తెలిసిందే కదా, నేను చూస్తాలే" అంది.

ఆమెపై నాకు అసూయ అక్కడే మొదలైంది.

మేమిద్దరం వృక్షశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతున్నాం. చిక్కుడు కుటుంబపు తీగల్ని ఆరబెట్టి, గాజుపటాలు కట్టి విభాగం వరండాలో వేలాడదీయాలని మా సారు నిర్ణయించారు. ఒక మొక్కకు ఒక పటం, కింద వర్ణన, వర్ణన రాసినవారి పేరు. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. మా ఇంటిపేరు గోడమీద ఎక్కడా లేదు. ఆ పటం నాకు కావాలి. అందుకే ఆళ్లగడ్డ దగ్గర మా ఊరి వాగు ఒడ్డున పెరిగే దూలగొండిని ఎంచుకున్నాను. ఆమె ఎంచుకున్న చిక్కుడు పాదును మెస్సువాళ్లు పీకేశారు. సారు ఆమెను కూడా దూలగొండి గురించే రాయమన్నారు; ఇద్దరిలో బాగున్న వర్ణనే పటం కిందికి ఎక్కుతుంది. ఆమె తండ్రి ఉపాధ్యాయుడు, ఇంటినిండా పుస్తకాలు. నాకున్నది ఈ ఒక్క వాగు.

మేం వాగు ఒడ్డుకు చేరేసరికి తీగ కంపచెట్లను చుట్టుకొని పైకి పాకి ఉంది. నేను దూరంగా నిలబడి క్రమంగా రాసుకున్నాను. ఆకుకు మూడు పత్రకాలు. పక్క పత్రకాల అడుగుభాగం ఒకవైపు వాలి ఉంటుంది. పూలు ముదురు ఊదా, కిందికి వేలాడే గుత్తులు. కాయ రెండు కొనల దగ్గర వంగి ఉంటుంది. ఒళ్లంతా బంగారు ఛాయ నూగు. ఉష్ణమండలంలో వాగుల వెంట, కంచెల మీద పెరుగుతుంది.

నూగు అంటితే దురద పుడుతుందని నేను చెబుతూనే ఉన్నాను, ఆమె కాయ పట్టుకుంది.

ఇంటికి చేరేసరికి ఆమె మోచేతి దాకా దద్దుర్లు. మా అమ్మ చూసి, "గోకొద్దమ్మా, గోకితే ఒళ్లంతా పాకుతాది" అంది.

"గోకకుండా ఎట్లుండాలమ్మా?"

"ఉండాల. దానికి చెయ్యిచ్చి పలకరించింది నువ్వే కదా?" అని నవ్వి, అమ్మ నా వైపు తిరిగింది. "ఏందీ, ఆడ నిలబడి చూస్తాండావ్? పేడ తేపో."

నా చేతులతో తెచ్చిన పేడను అమ్మ ఆమె చేతికి పూసింది. మా అమ్మను ఆమె గంట తిరగకముందే అమ్మా అంటోంది. ఇద్దరికీ నా అవసరం లేనట్టే ఉంది.

"అమ్మా, ఆ తీగ కింద గడ్డి మోకాలెత్తుంది. చుట్టుపక్కలంతా గొరిగినట్టుంది. ఎందుకు?" అని ఆమె అడిగింది.

"కాయ ఎండే కాలంలో ఆడికి మేకల్ని ఎవురు తోల్తారమ్మా? గాలికే నూగు రాల్తాది."

ఆమె ఎడమచేత్తో ఫోనులో అది రాసుకుంది.

వారం తరువాత సారు రెండు వర్ణనలూ చదివారు. "నీ దాంట్లో తప్పు లేదమ్మా. కానీ నెల్లూరులో కూర్చొని రాసినా ఇట్లే ఉంటాది. ఈమె రాసిన గడ్డి, మేకల సంగతి ఆ వాగొడ్డున నిలబడితే తప్ప రాయలేం" అన్నారు.

ఆ గడ్డిని నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. పుస్తకంలో లేదు కాబట్టి అది వర్ణనలోకి వస్తుందని తోచలేదు. నా గడ్డిని ఎవరో కోసుకుపోయినట్టు అనిపించింది.

"ఆడికి తీసకపోయింది నువ్వే కదా, నీ పేరు గూడా రాయమంటా సార్ను" అంది ఆమె, గదికి వచ్చాక.

"వద్దులే" అన్నాను. ఆమె మంచితనం కూడా నాకు కంటగింపుగానే ఉంది.

పటం కింద ఆమె పేరు ఒక్కటే ఉంది. ఆ తరువాత ఏ మొక్క గురించి రాసినా, ముందు దాని కింది నేలను చూసి రాయడం అలవాటు చేసుకున్నాను. చదువు ముగిసేదాకా మేం గది మారలేదు. శనివారాలు మాత్రం ఆళ్లగడ్డకు ఒంటరిగా వెళ్లాను.