రౌటర్ దగ్గరే ఆగిపోయిన అడ్రస్

ఏళ్ల తరబడి ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెబుతున్నాను.

ధర్మవరంలో ఇంటింటికీ ఇంటర్నెట్ బిగించే పని నాది. పట్టు మగ్గాల ఊరు. పట్టునూలు పోసి చీరలు నేయించుకునే షావుకారు ఇచ్చిన కొత్త డిజైన్ పరాయి కంట పడకూడదని, ఎవరొచ్చినా నేతగాళ్లు మగ్గం మీద దుప్పటి కప్పేస్తారు. వాళ్లలో ఓబులేసన్న ఒక్కడు, నేను వెళితే మాత్రం కప్పేవాడు కాదు. నేనూ నేతగాడి కొడుకునే కదా అని నమ్మకం.

అతనికి పని ఇచ్చే షావుకారే మా నాయనకు పట్టు ఆపేసి మా మగ్గం మూయించాడు. ఆ కసి నాలో ఉంది. ఒకరోజు ఓబులేసన్న ఇంట్లో వైఫై సరిచేస్తున్నాను. అతను మంచినీళ్లు తేవడానికి లోపలికి పోయాడు. మగ్గం మీది చీరను ఫోటో తీసి, ఆ వైఫై మీదే, దొంగపేరుతో నెట్‌లో పెట్టేశాను. డిజైన్ అందరూ కాపీ కొడితే దెబ్బ షావుకారుకే తగులుతుందనుకున్నాను. ఎంత మూర్ఖుణ్ణి!

షావుకారు కేసు పెట్టాడు. ఫోటో ఏ ఐపీ అడ్రస్ నుంచి పోయిందో కనుక్కుని పోలీసులు మా ఆఫీసుకొచ్చారు.

"ఇది ఆ ఓబులేసు ఇంటిదేనా?" అని ఎస్సై నన్నే అడిగాడు.

"అవును సార్, ఆ ఇంటిదే."

అబద్ధమా? కాదు. అదే నా పాపం. ప్రతి ఫోనుకీ సొంతంగా ఒక మ్యాక్ అడ్రస్ ఉంటుంది. అది ఇంట్లోని రౌటర్ దాకానే. గడప దాటేటప్పుడు రౌటర్ దాన్ని తీసేసి తన అడ్రస్ వేసి ముందుకు పంపుతుంది. ఆ పైన ప్రతి రౌటరూ అంతే. బయటికి కనబడే ఐపీ అడ్రస్ ఏ ఇంటి కనెక్షనో చెబుతుంది గాని, ఆ ఇంట్లో ఎవరి చేతిలోని ఫోనో చెప్పదు. అది రౌటర్‌కే తెలుసు. అందులో నా ఫోను అడ్రస్ నమోదై ఉంది. ఈ సంగతి చెప్పానా? చూసొస్తానని ఎస్సైతో చెప్పి ఓబులేసన్న ఇంటికి వెళ్లి, రౌటర్‌ను రీసెట్ చేసి అంతా చెరిపేశాను.

కేసు నిలవలేదు. కానీ ఆ తర్వాత ఏ షావుకారూ అతనికి పట్టు ఇవ్వలేదు. మగ్గం అమ్మేసి తాడిపత్రిలో బండల పాలిష్‌కు పోయాడు. మొన్న అక్కడి బస్టాండులో కనబడ్డాడు, ఒళ్లంతా రాతిపొడి. తప్పుకోబోయాను. అతనే వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఊరంతా నన్ను దొంగ అన్యారు. నువ్వొక్కడివే ఇంటికొచ్చి చూసినావప్పా. యాడున్నా నిన్ను మర్చిపోను."

నోరు తెరిచాను. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

ఆ ఫోటో తీసింది నేను, ఓబులేసన్నా. నేనే. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లా? రాసేశాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అతనికి మాత్రం నేనింకా మంచివాణ్ణే.