ఒంగోలు బస్సులో మొహం తుడిచే పెద్దమ్మ

మా ఆఫీసు నిరుడు పొదిలి నుంచి ఒంగోలుకు మారింది. పిల్లల బడి పొదిలిలోనే కాబట్టి ఇల్లు మార్చలేదు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే బస్సెక్కి సాయంత్రానికి తిరిగి వస్తున్నాను. ఇదే దారిలో తిరగాల్సిన కొందరు బస్సుల సంగతి అడిగారు. ఆరున్నర ప్రాంతంలో బయల్దేరితే చీమకుర్తి దగ్గర గ్రానైట్ లారీలు అడ్డుపడినా ఎనిమిదిన్నర లోపు ఒంగోలులో దిగొచ్చు. మగవాళ్లకు టికెట్ వంద లోపే. ఆడవాళ్లు ఆధార్ కార్డు చూపిస్తే చాలు. దారి పొడవునా మిరప, పత్తి, పొగాకు చేలు. వానలు మొహం చాటేసిన ఏడాది అవన్నీ ఒకే బూడిద రంగులో కనిపిస్తాయి.

ఆ బస్సులో రోజు విడిచి రోజు ఒక ముసలి జంట నా ముందు సీట్లో కూర్చునేవారు. ఆయన కాశిం గారు. ఒంగోలులో డయాలసిస్‌కు వెళ్లేవారు. గాలి ఆడకపోతే వాంతి అవుతుందని భార్య మస్తాన్‌బీ ఆయన్ని కిటికీ పక్కన కూర్చోబెట్టేది. పొదిలి దాటిన కాసేపటికి ఒక మలుపు వస్తుంది. సరిగ్గా అక్కడ ఆమె సంచిలోంచి తడి తువ్వాలు తీసి ఆయన మొహమంతా కప్పి తుడిచేది. నుదురు, కళ్లు, మళ్లీ కళ్లు. చలికాలంలోనూ అంతే. మలుపు దాటాకే తువ్వాలు తీసేది. ఆయన చిన్నపిల్లాడిలా కదలకుండా కూర్చునేవారు.

"ఏంది పెద్దమ్మా, పెళ్లికొడుకుని చేస్తున్నావా?" అని కండక్టర్ అంటే బస్సంతా నవ్వేది. ఆమె మాత్రం తుడుస్తూనే ఉండేది.

ఒకరోజు పొదిలి స్టాండులో, ఆయన దూరంగా బల్ల మీద కూర్చుని ఉండగా, టీ కొట్టు దగ్గర ఆమెను అడిగాను.

"ఆ మలుపులో మా మిరప చేను ఉండేదమ్మా," అంది గొంతు తగ్గించి. "నా పేరన ఉండబట్టి, ఆయన వైద్యానికని అమ్మేశా. కౌలుకిచ్చానని చెప్పా. ఇప్పుడక్కడ ప్లాట్లేసి జెండాలు పాతారు. అది చూశాడంటే ఇక ఆసుపత్రి గడప తొక్కడు."

ఆ తర్వాత కొన్ని వారాలకు, రాత్రంతా ఆయనకు ఆయాసం వచ్చి నిద్ర లేక, ఆమె బస్సెక్కగానే కునుకు తీసింది. మలుపు దగ్గర పడింది. లేపనా వద్దా అని నేను సతమతమవుతుంటే, కాశిం గారు కిటికీ వైపు తిరిగారు. తెల్ల రాళ్లు, రంగు జెండాలు, అటు చివర పెద్ద బోర్డు. అన్నీ రెప్ప వేయకుండా చూశారు. ఇంతలో బస్సు ఎగిరిపడింది. ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచేలోపు, ఆయన ఆమె ఒళ్లోని తువ్వాలు లాక్కుని తన మొహం తానే కప్పేసుకున్నారు. ఆమె బయటికి చూసి, ఆయన్ని చూసి, హమ్మయ్య అన్నట్టు గుండె మీద చెయ్యి వేసుకుంది.

ఒంగోలులో దిగాక ఆమె ఆటో కోసం ముందుకు వెళ్లింది. ఆయన నా దగ్గర ఆగారు.

"చూశావు గదమ్మాయ్. దానికి చెప్పమాక."

"మీకు ముందే తెలుసా?"

"రాళ్లు పాతిన రోజే మా వాళ్లు ఫోన్ చేశారు. తెలిసినట్టు బయటపడితే, ఇక వైద్యం చాలు అనాలి గదా నేను. అనటానికి నోరు రాలా. ఇంకొన్నాళ్లు బతకాలనే ఉందమ్మా."

అంతలో ఆమె ఆటో ఆపి కేకేస్తే ఆయన అటు నడిచారు.

ఎండలు ముదిరాక వాళ్లు కనిపించడం మానేశారు. మొన్న మస్తాన్‌బీ ఒక్కతే ఎక్కి నా పక్కన కూర్చుంది. ఆయన పోయి నెల దాటిందట. మలుపు వచ్చింది. ఆ జెండాల వైపు చూస్తూ, "చివరిదాకా ఆయనకు తెలియకుండానే పోయాడమ్మా. నాకు అదొక్కటే తృప్తి," అంది.

"అవును పెద్దమ్మా," అన్నాను. అబద్ధం చెప్పడం తప్పో ఒప్పో ఇంకా తేలలేదు. ఆమె ఆసుపత్రి కాగితాల కోసం వెళ్తోందట.

మీరు ఈ బస్సెక్కితే ముందు సీట్లు ఆసుపత్రికి వెళ్లేవాళ్లకు వదిలేయండి. వెనక ఎడమవైపు కూర్చుంటే చలికాలం పొద్దుటి ఎండ కూడా అంతగా పడదు.